అద్దాల బురుజు

జనవరి 9

కట్టు విప్పేశారు. కింద ఉన్నది నా చెయ్యేనట. నాకు నమ్మకం కుదరలేదు.

జనవరి 10

రోజూ కుడిచేత్తో కాసేపు ఏదైనా రాయమని ఫిజియోథెరపీ ఆవిడ చెప్పింది. "ఏం రాయాలి?" అంటే, "మీ ఇష్టం, ఎవరూ చదవరు" అంది. ఎవరూ చదవనప్పుడు ఎవరినీ పొగడనక్కర్లేదు. అదొక సుఖం. అక్షరాలు మాత్రం కోడి కెలికినట్టున్నాయి.

అద్దం సంగతి రాయను. సెలూన్లో మొదటి కుర్చీ ఎదురుగా ఉన్న నిలువుటద్దం జారింది. జారేదాన్ని జారనివ్వాలి. నేను చెయ్యి అడ్డం పెట్టాను. అంతే సంగతి. నా సగం జీవితం ఆ అద్దంలో చూస్తూ జనం తలలు దిద్దాను. అది ఇంకెవరి మీదా పడకుండా నా మీదే పడింది.

రాయనన్నాను, రాసేశాను.

జనవరి 14

వదిన మేడ మీదికి వచ్చింది. కింద వాటాలో వాళ్ళుంటారు, పైన గదిలో నేను. వదిన పైకి వచ్చిందంటే కాఫీ అన్నా తెస్తుంది, పని మీదన్నా వస్తుంది. ఈ రోజు కాఫీ లేదు.

"కుర్చీ అలాగే ఉంచాను. కొత్త అద్దం పెట్టించాను. ఒకసారి వచ్చి చూడొచ్చుగా?"

"చూస్తాలే వదినా."

"ఎప్పుడు?"

"చెయ్యి ఒప్పుకున్నప్పుడు."

నన్నొదిలేసి నేరుగా చేతినే అడుగుదామన్నట్టు వదిన నా వేళ్ళకేసి చూసింది. సెలూన్ మా ఇద్దరిదీ. తలకి రంగు వేయడం, తల కడగడం, గల్లాపెట్టె, వచ్చినవాళ్ళతో కబుర్లు వదిన వాటా. కత్తెర నా వాటా. ఇప్పుడు నా వాటా ఖాళీగా ఉంది.

జనవరి 17

కత్తెర పట్టుకున్నాను. ఈ రోజు చలి ఎక్కువగా ఉంది. చలికి ఎవరి వేళ్ళైనా వణుకుతాయి.

జనవరి 18

ఎండ బాగా కాసింది. కత్తెర జోలికి పోలేదు.

జనవరి 21

పిడుగు అటక మీద నుంచి పాత వీడియోగేమ్ పెట్టె దించింది. అన్నయ్య కూతురికి ఆ పేరు పెట్టింది నేనే, పుట్టగానే ఆసుపత్రి అదిరిపోయేలా అది ఏడ్చిన ఏడుపు విని.

"బొటనవేలికి దీన్ని మించిన వ్యాయామం లేదత్తా. ఆ రబ్బరు బంతి నొక్కుతూ కూర్చుంటే నీకు పిచ్చెక్కుతుంది, నిన్ను చూసి మాకెక్కుతుంది" అంటూ టీవీకి తీగలు తగిలించింది.

దుమ్ము దులిపి చూస్తే లోపల డిస్కు అలాగే ఉంది. లాంతరు పిల్ల! ఈ ఆట కోసం అన్నయ్యా నేనూ జుట్లు పట్టుకుని కొట్టుకున్నాం. ఉన్నది ఒకటే కంట్రోలర్, అది ఎప్పుడూ అన్నయ్య చేతిలోనే. వాడు ఆడేవాడు, నేను పక్కన కూర్చుని "వెనక, వెనక, వస్తున్నాడు చూడు" అని అరిచేదాన్ని.

ఒక పిల్ల లాంతరు పట్టుకుని చీకటి కోటలో వాళ్ళమ్మని వెతుక్కుంటూ పోతుంది. కథ అంతే. కానీ ఆ చీకటి గీసిన వాళ్ళ చేతులు కళ్ళకద్దుకోవాలి. లాంతరు వెలుగు పడగానే గోడరాయి చెమ్మతో మెరుస్తుంది. అదే కోటలో ఒక పిల్లి గోడలోంచి దూరి నడిచిపోతుంది. చంద్రుడు ఒకే రాత్రి రెండుసార్లు ఉదయిస్తాడు. ఒక తలుపుకి ఇంత తాళం ఉంటుంది, దాని తాళంచెవి ఆట మొత్తం వెతికినా దొరకదు. వంటగదిలో వంటవాణ్ణి ఏమడిగినా "ఉప్పు అయిపోయింది" అంటాడు. అమ్మ ఎటు వెళ్ళింది అన్నా అదే మాట, కోట తగలబడుతోంది అన్నా అదే మాట. ఆట సగంలో ఉండగా కంపెనీ మూతపడిందని, చేతిలో ఉన్నంతవరకు అమ్ముకుని పోయారని అప్పట్లో అనుకునేవాళ్ళం.

ఇన్నేళ్ళ తర్వాత వెళ్ళి పలకరించాను. "ఉప్పు అయిపోయింది" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోకంలో ఒక్కడైనా మారకుండా ఉన్నాడు.

జనవరి 23

పొద్దుటి నుంచి ఆడుతున్నాను. వ్యాయామం కోసమే.

జనవరి 26

పిడుగుకి అగ్నిమాపక దళంలో ఉద్యోగం ఖాయమైంది! శిక్షణ మార్చి ఒకటి నుంచి. అన్నయ్య వీధి చివరిదాకా వినబడేలా ఫోన్లో అందరికీ చెప్పాడు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. "ఇంట్లో ఒకరు పైకి ఎక్కిస్తారు, ఒకరు కిందికి దించుతారు" అని వాడి జోకుకి వాడే నవ్వుకున్నాడు.

పిడుగు జడ నడుము దాటి ఉంటుంది. అక్కడ జుట్టు చెవి కిందికి దిగకూడదట, హెల్మెట్ పట్టదట.

"నువ్వే కత్తిరించాలత్తా. పుట్టినప్పటి నుంచి నా తల మీద ఇంకో చెయ్యి పడలేదు. నువ్వు కాదంటే ఈ జడతోనే వెళతా, వెనక్కి పంపిస్తే పంపిస్తారు."

"మార్చి ఒకటికి ఇంకా చాలా టైముంది" అన్నాను.

అది నమ్మినట్టు తలూపింది. వాళ్ళ నాన్న పోలిక రాలేదు దానికి, అబద్ధం సరిగా ఆడలేదు.

జనవరి 30

అద్దాల బురుజు దాకా వచ్చాను. ఇదే ఆఖరి మజిలీ. నిజంగా చెప్పాలంటే తల ప్రాణం తోకకి వచ్చింది. ఊగే గొలుసులు, విరిగే మెట్లు, తిరిగే కత్తులు, ఒక్కో చోట బొటనవేలు రెప్పపాటు ఆలస్యమైతే మళ్ళీ మొదటికే. అన్నీ దాటాను.

పైన ఒక పెద్ద అగాధం. దాని అవతల గోడంతా ఒకే అద్దం. మధ్యలో, కుడివైపు గాలిలో ఒక రాతిపలక. దాని మీదికి దూకి, అక్కడి నుంచి అద్దం పక్కనున్న తలుపులోకి దూకాలి. అన్నయ్య ఒక్క దూకులో దాటిన చోటు ఇదే. ఆ రోజు నేను ఇంట్లో లేను, కత్తెర పని నేర్చుకోవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి వాడు మంచం మీద నిలబడి చెప్పాడు. బంగారు తలుపు తెరుచుకుందట. గంటలు మోగాయట. వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి లాంతరు పిల్లని ఎత్తుకుని గిరగిరా తిప్పిందట. ఎన్నిసార్లు చెప్పించుకున్నానో.

దూకాను. పలక అంచు తగిలినట్టే తగిలి జారిపోయాను.

జనవరి 31

మళ్ళీ జారాను. బొటనవేలు చివర్లో వణికింది.

ఫిబ్రవరి 2

ఈసారి పలక నడిమధ్యలో పడ్డాననుకున్నాను. కాళ్ళు పలకలోంచి కిందికి దిగిపోయాయి. అంటే నడిమధ్య కాదన్నమాట. చెయ్యి వణకడం వల్ల నాకు అలా కనిపించి ఉంటుంది.

ఫిబ్రవరి 4

ఒక మాట నాలో నేను అనుకున్నాను, ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆ పలక మీద నిలబడిన రోజే కత్తెర పడతాను. అంతవరకు ఎవరేమన్నా వినను. అన్నయ్య ఒక్క దూకులో దాటింది నేను దాటలేకపోతున్నానంటే, చెయ్యి ఇంకా కుదురుకోలేదని దాని అర్థం. ఇంతకంటే నికార్సైన పరీక్ష ఏ డాక్టరు దగ్గరుంది?

ఫిబ్రవరి 6

పడ్డాను.

ఫిబ్రవరి 7

పడ్డాను. వంటవాడి దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. ఉప్పు అయిపోయిందట.

ఫిబ్రవరి 10

ఫిజియోథెరపీ ఆవిడ వేళ్ళన్నీ వంచి, తిప్పి, తనతో పంజా కుస్తీ కూడా పట్టించి, "చెయ్యి బాగైపోయిందండీ. నరం అతుక్కుంది, పట్టు వచ్చింది. మీరిక పనిలోకి వెళ్ళండి" అంది.

"వణుకుతోంది కదా."

"ఎప్పుడు వణుకుతోంది?"

కత్తెర పట్టుకుంటే అని చెప్పలేదు. "ఆటలో" అన్నాను. ఆవిడ నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఆవిడ ఎప్పుడైనా అద్దాల బురుజు ఎక్కిందా?

ఫిబ్రవరి 11

అన్నయ్య పైకి వచ్చి వెనక నిలబడి చూశాడు. నేను పడ్డాను.

"నువ్వెలా దూకావురా అన్నయ్యా?"

"అదా… అదేముంది. కొంచెం వెనక్కి జరిగి, ఊపు తీసుకుని, చూసి దూకడమే. చెయ్యి తిరిగినవాడికి నీళ్ళు తాగినంత సుళువు."

"ఒకసారి చూపించు."

కంట్రోలర్ ఇవ్వబోతే లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారని ఫోనొచ్చిందన్నాడు. నాకు ఫోను మోగిన చప్పుడైతే వినబడలేదు. మోగకుండా వణికేలా పెట్టుకుని ఉంటాడు.

ఫిబ్రవరి 13

పిడుగు ఇంటర్నెట్లో వెతికింది. ఈ ఆటని ప్రాణంగా చూసుకునేవాళ్ళు నాలాగే ఇంకా ఉన్నారట. పిల్లి ఏ గోడలోంచి దూరుతుందో పటాలు కూడా గీసుకున్నారట. ఎంత సంతోషం వేసిందో. కానీ బురుజు దగ్గరికి వచ్చేసరికి ఒకటే గొడవ.

"అసలు దాటడం కుదరదంటున్నారత్తా. ఆట పూర్తి కాకుండానే వదిలేశారట. ఎవరూ దాటలేదట."

"చేతకానివాళ్ళు అలాగే అంటారు. మీ నాన్న దాటాడుగా."

పిడుగు తన జడ కొసని వేలికి చుట్టుకుంది. "అది సరే, ఆ గొలుసులు, మెట్లు, కత్తులు, అవన్నీ నువ్వు ఏ చేత్తో దాటావు?"

"ఈ చేత్తోనే. ఎందుకు?"

"ఏం లేదు, ఊరికే అడిగాను."

అడ్డమైన ప్రశ్నలు వేయడంలో వాళ్ళమ్మ పోలిక.

ఫిబ్రవరి 16

వదిన మళ్ళీ వచ్చింది. కాఫీతోనే వచ్చింది. అది చూస్తేనే భయం వేసింది.

"ఒకతను అడుగుతున్నాడు, మొదటి కుర్చీకి. మంచి పనివాడట. ఈ నెలాఖరుకి వచ్చి చూసుకుంటానన్నాడు."

నేను కాఫీ మీది మీగడ తీసి పక్కన పెట్టాను.

"నీ కుర్చీ ఇంకొకరికి ఇవ్వాలని నాకేమన్నా సరదానా? నువ్వు వస్తానంటే చాలు, ఎప్పుడని కూడా అడగను. రానంటే రానని చెప్పు. ఏదీ చెప్పకపోతే నేనేం చెయ్యను?"

"వదినా, నువ్వు చేసింది తప్పని నేననడం లేదు."

"అనవే తల్లీ, ఒకసారి అను. కేకలెయ్యి, పోట్లాడు. నీ నోటికి భయపడే జనం మన సెలూన్‌కి టైముకి వచ్చేవాళ్ళు."

పోట్లాడలేదు. వదిన వెళ్ళాక ఏడ్చాను. నా కుర్చీ నాకు కావాలి. అది వేరేవాళ్ళ కుర్చీ అయిన రోజు నేనెవరిని? ఇది రాస్తుంటే ఏడుపు ఆగింది, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. బురుజు ఎక్కాను, పడ్డాను.

ఫిబ్రవరి 19

నవ్వి నవ్వి పొట్ట నొప్పి పుట్టింది. ముందు నుంచి రాస్తాను.

ఈ రోజు సెలూన్‌కి వెళ్ళాను. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను, అంతకుమించి ఏమీ అడగొద్దని వదినతో ముందే చెప్పాను. కొత్త అద్దం వైపు చూడకుండా కూర్చున్నాను. లెక్కల మాస్టారు వచ్చాడు. రిటైరై చాలా కాలమైనా మీసం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంటుంది. ఇన్నాళ్ళుగా దిద్దేవాళ్ళు లేక చీపురు కట్టలా పెరిగింది.

"ఎవరో ఒకరు చూడండమ్మా, అన్నం మీసానికి పెడుతున్నాను" అన్నాడు.

వదిన నాకేసి చూసింది. నేను గల్లాపెట్టె కేసి చూశాను. దాంతో వదినకి పంతం వచ్చింది. ఎప్పుడూ కత్తెర పట్టని మనిషి కొంగు బిగించి నా కత్తెర తీసుకుంది. ఎడమవైపు బాగా దిద్దింది, నిజం చెప్పాలి. మాస్టారు అద్దంలోకి వేలు చూపించి "ఇదిగో, ఈ పక్క ఇంకా కొంచెం ఎక్కువుంది" అన్నాడు. మాస్టారికి ఎదురుగా నిలబడ్డ వదిన తల వెనక్కి తిప్పి అద్దంలో చూసి, అందులో తన కుడిపక్క కనిపించిందని ఇటు తిరిగి తన కుడిపక్కకే చెయ్యి పోనిచ్చి, అప్పటికే దిద్దిన ఎడమవైపే మళ్ళీ కత్తిరించింది.

"ఇంకా ఉందమ్మా."

మళ్ళీ కత్తిరించింది.

"అలాగే ఉందేమిటి?"

ఇంకోసారి. ఎడమ మీసం కనుబొమ్మంత అయిపోయింది, కుడి మీసం చీపురు చీపురులాగే ఉంది. కత్తెర కొత్తగా పట్టినవాళ్ళందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. అద్దంలో కనిపించేది ఒక పక్క, మనిషి ఉండేది ఇంకో పక్క. కళ్ళు అద్దంలో ఉంచినా చెయ్యి మనిషి మీద ఉండాలి. నాకది ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయి, అదొక విద్య అన్న సంగతే మర్చిపోయాను.

చివరికి వదిన మొత్తం మీసం గొరిగేసింది. మాస్టారు బోసి మూతి తడుముకుని, "అమ్మా, రెండు వైపులా సున్నా. సమీకరణం సరిపోయింది" అన్నాడు. సెలూనంతా ఒకటే నవ్వు. వదిన సిగ్గుతో తలకి రంగు వేసే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నవ్వుకుంటూ ఇంటికి వస్తున్నాను. మెట్లెక్కుతుంటే సగంలో కాళ్ళు ఆగిపోయాయి.

అద్దాల బురుజు.

కుడివైపు కనిపించే పలక.

ఫిబ్రవరి 19, మళ్ళీ

చేతులు కాదు, ఒళ్ళంతా వణుకుతోంది. సంతోషంతో. అక్షరాలు ఎలా వస్తే అలా వస్తాయి.

బురుజు ఎక్కాను. అగాధం అంచున లాంతరు పిల్లని నిలబెట్టాను. కుడివైపు పలక పిలుస్తోంది. దానికేసి చూడలేదు. ఎవడో మహానుభావుడు అద్దంలో చూస్తూ పని చేశాడు, మా వదినలాగా. పలక బొమ్మని ఒక పక్క పెట్టి, కాలు ఆనే నేలని రెండో పక్క పెట్టాడు. దిద్దుకునేలోపు కంపెనీకి తాళం పడి ఉంటుంది. అలాగే అయి ఉండాలి. కాకపోతే ఇంకోసారి పడతాను, పడటం నాకేమన్నా కొత్తా?

ఎడమవైపు ఏమీ లేదు. ఉత్త చీకటి. ఆ చీకట్లోకి దూకాను.

నిలబడింది!

లాంతరు పిల్ల గాలిలో నిలబడింది! కాళ్ళ కింద ఏమీ లేదు, అయినా నిలబడింది. లాంతరు ఊగుతోంది, దాని వెలుగు ఎదురుగా అద్దంలో పడుతోంది. నేను గట్టిగా అరిచాను. కింద వాటాలో ఏదో గిన్నె పడిన చప్పుడు. పిడుగు మూడేసి మెట్లు ఎక్కుతూ పరిగెత్తుకొచ్చింది, పాపం మంటలు అనుకుందేమో.

"అత్తా! గాల్లో! గాల్లో నిలబడింది!"

"నేల ఉంది. కనబడటం లేదంతే."

తలుపులోకి దూకించాను.

బంగారం లేదు. గంటలు లేవు. రంగు వేయని బూడిదరంగు నేల, గోడలే లేవు. మధ్యలో ఒక కుర్చీ, కుర్చీలో గీయడం మొదలుపెట్టి వదిలేసిన ఒక ఆడమనిషి. కళ్ళు, ముక్కు, నోరు ఏవీ లేవు. చేతులు రెండూ చెక్కముక్కల్లా ఉన్నాయి. కానీ జుట్టు! జుట్టు మాత్రం పూర్తి చేశారు. వెంట్రుక వెంట్రుకా గీశారు. పాపిట దగ్గర చిన్న పిల్లవెంట్రుకలు, చెవి వెనక జారిన పాయ, లాంతరు దగ్గరికి వస్తుంటే దాని మీద పాకే వెలుగు. ఆ పాయ ఎటు పడాలో తెలిసిన మనిషి గీసిన జుట్టు అది. అన్నీ వదిలేసి పోవలసి వచ్చిన రోజున ఎవరో ఆఖరుగా కూర్చుని దాన్ని పూర్తి చేసి వెళ్ళారనిపించింది.

పిల్ల ఆమె ముందుకెళ్ళి నిలబడింది. ఇంకేమీ జరగలేదు. ఆట అయిపోయిందని తెర మీద అక్షరాలు కూడా రాలేదు.

"వాళ్ళమ్మేనా?" అంది పిడుగు.

"వాళ్ళమ్మే."

నా జీవితంలో ఇంత అందమైన ముగింపు నేను చూడలేదు, అది ముగింపు కాకపోయినా సరే.

ఆ తర్వాత పిడుగు మెల్లిగా అంది, "మరి నాన్న చెప్పిన బంగారు తలుపేదత్తా?"

ఫిబ్రవరి 20

అన్నయ్య పని నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే పట్టుకున్నాను.

"అన్నయ్యా, బురుజు దాటాక ఏముంటుందో మళ్ళీ ఒకసారి చెప్పు. వినాలనుంది."

వాడి మొహం వెలిగింది. "బంగారు తలుపు. అది తెరుచుకోగానే గంటలు. వాళ్ళమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి…"

"పరిగెత్తుకుంటూనా?"

"గిరగిరా తిప్పిందే! నేను కళ్ళారా చూశాను కదా!"

పైకి తీసుకెళ్ళి చూపించాను. నిన్నటి నుంచి ఆ పెట్టె ఆపనేలేదు. లాంతరు పిల్ల ఇంకా వాళ్ళమ్మ ముందే నిలబడి ఉంది. అన్నయ్య చూశాడు. తేలు కుట్టిన దొంగ కూడా అంతకంటే బాగా మాట్లాడేవాడు. వదిన, పిడుగు గుమ్మంలో నిలబడి నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"అంటే… నువ్వు దాటేశావా?" అన్నాడు చివరికి.

"నువ్వు దాటలేదా?"

మంచం మీద కూలబడ్డాడు. "ఆ రోజు పొద్దుటి నుంచి పడుతూనే ఉన్నానే. కంట్రోలర్ విసిరి కొట్టాను కూడా. అప్పుడు నువ్వొచ్చి 'దాటావా అన్నయ్యా' అన్నావు. దాటానన్నాను. నువ్వు కళ్ళు ఇంతలు చేసుకుని విన్నావు. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అన్నావు. అంతకుముందు ఎవరూ నా మాట అంత శ్రద్ధగా విన్నది లేదు. ఇంక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు."

కోపం రావాలి నాకు. వాడి కోతలు నమ్ముకుని నా చేతికి నేనే శిక్ష వేసుకున్నాను. లోకంలో ఎవరూ నిలబడలేని పలక మీద నిలబడలేదని, పనిచేసే చేతిని పాడైందనుకుని మూల కూర్చోబెట్టాను. కోపం బదులు నవ్వొచ్చింది. ముందు నాకు, తర్వాత వదినకి, తర్వాత అందరికీ. అన్నయ్య కూడా నవ్వాడు, కాకపోతే చెవులు ఎర్రబడ్డాయి.

"వదినా, ఆ పనివాడితో ఏం చెప్తావు?" అన్నాను.

వదిన కళ్ళు తుడుచుకుంటూ, "నువ్వు ఏం చెప్పమంటే అదే" అంది.

"ఆ కుర్చీకి మనిషుందని చెప్పు."

ఫిబ్రవరి 21

అందరి ముందూ గొప్పగా అనేశాను. ఇంట్లో ఎవరూ లేని వేళ కత్తెర తీసి చూశాను. వణికింది. ఈ రోజు చలి లేదు.

చలి కాదని నాకు మొదటి నుంచీ తెలుసు. చెయ్యి బాగుంది. భయపడేది నేను. అద్దం పగిలిన చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు. ఇది రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

ఫిబ్రవరి 22

ఇందాక వెనక పేజీలు తిప్పి చూశాను. కోడి ఎప్పుడో కెలకడం మానేసింది. అక్షరాలు నావే, వెనకటిలా గుండ్రంగా ఉన్నాయి. ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయో నేను గమనించనే లేదు.

ఫిబ్రవరి 27

ఎక్కడ మొదలుపెట్టను!

పొద్దున్నే సెలూన్. వదిన తలుపు తీసింది. పిడుగు వెళ్ళి మొదటి కుర్చీలో కూర్చుని జడ ముందుకు వేసుకుంది. నేను దాని వెనక నిలబడి మొదటిసారి కొత్త అద్దంలోకి చూశాను. అద్దం మంచిదే. నేనే కొంచెం నెరిశాను.

"ఎక్కడిదాకా?" అన్నాను.

"ఇక్కడిదాకా" అని అద్దంలోకి వేలు చూపించింది, చెవి దగ్గర.

జడ పట్టుకున్నాను. ఇది చిన్నప్పుడు పిడుగు నా ఒళ్ళో కూర్చుని చిక్కు తీయించుకున్న జుట్టు. కత్తెర తెరిచాను. వణికింది. అద్దంలో నాకు కనిపించింది, అద్దంలో పిడుగుకీ కనిపించింది. వదిన తువ్వాలు మడతపెడుతున్న చెయ్యి ఆపేసింది. అన్నయ్య లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. కత్తెర కొస వణుకుతూనే ఉంది. ఇంకాసేపైతే కింద పెట్టేసేదాన్ని.

పిడుగు అద్దంలో నా కళ్ళలోకి చూసింది. మొహం రాయిలా పెట్టి, ఆ వంటవాడి గొంతుతో అంది:

"ఉప్పు అయిపోయింది."

నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. నవ్వుతూనే కాలు ముందుకు వేసినట్టు, ఏమీ కనబడని చోట నేల ఉందని నమ్మినట్టు, కత్తెర మూశాను. కరకరమని తెగింది. జడ మొత్తం నా ఎడమచేతిలోకి వచ్చేసింది.

ఆ తర్వాత చెయ్యి నా మాట వినలేదు, దాని పని అది చేసుకుపోయింది. చెవి చుట్టూ, మెడ మీద, నడినెత్తిన. దువ్వెన, కత్తెర, దువ్వెన, కత్తెర. ఎంత హాయి! ఎన్నాళ్ళైంది ఆ చప్పుడు విని! చివర మెడ మీద వెంట్రుకలు దులిపి, వెనక చిన్న అద్దం పట్టి చూపించాను. పిడుగు తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. హెల్మెట్ పెట్టుకున్నట్టు రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "అత్తా, నన్ను చూస్తే మంటలే పారిపోతాయి" అంది. వదిన ఏడ్చేసింది. ఆవిడ ఏడుస్తూనే నన్ను కౌగిలించుకుంటే నా కత్తెర ఆవిడ వీపు వెనక గాలిలో నిలకడగా ఉంది. అద్దంలో చూసుకున్నాను. ఇసుమంత కూడా కదలడం లేదు. నేను గెలిచాను. ఎవరి మీదంటే చెప్పలేను, కానీ గెలిచాను.

లెక్కల మాస్టారు బోసి మూతితో వచ్చి తొంగిచూసి, "మీసం పెరిగాక మీ దగ్గరికే వస్తాను, ఆవిడ దగ్గరికి కాదు" అని చెప్పి వెళ్ళాడు.

అందరూ సర్దుకున్నాక అన్నయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "నాకూ కొంచెం దిద్దు. పిల్ల శిక్షణకి వెళ్ళే రోజు నలుగురిలో బాగుండాలి."

దిద్దాను. ముందు, పక్కలు, మెడ, అన్నీ నీటుగా. నడినెత్తి వెనక, వాడికి ఏ అద్దంలోనూ కనబడని చోట, ఒక్క పిలక మాత్రం వదిలేశాను. నిలువుగా లేచి నిలబడింది.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"వెనక చిన్న అద్దం పెట్టి చూపించవా?"

"ఎందుకన్నయ్యా, నా మాట మీద నమ్మకం లేదా?"

వదిన చూసింది, పిడుగు చూసింది, ఒక్కరూ పెదవి విప్పలేదు. వాడు అద్దంలో మీసం సవరించుకుని, పిలక ఊపుకుంటూ వీధిలోకి దర్జాగా నడిచి వెళ్ళాడు.

రేపు పొద్దున్నే సెలూన్ తెరవాలి. జనం చాలామంది నా కోసం జుట్టు పెంచుకుని కూర్చున్నారట. మొదటి కుర్చీ నాది.